పేరు పెట్టి ఏడ్చిన తండ్రి

(తల్లిదండ్రుల కోసం జరిగిన సాయంకాల కూడికలో ఒక కాపరి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ యేసు నామంలో వందనాలు.

ఈ సాయంకాలం ఇక్కడికి రావడం మీలో కొంతమందికి ఎంత కష్టమో నాకు తెలుసు. కరపత్రంలో విషయం చదివి, "మనం వెళ్తే మనింట్లో ఏదో ఉందని ఊరంతా అనుకుంటారు" అని ఆగిపోయినవాళ్లు ఉంటారు. వచ్చినవాళ్లలో కూడా చాలామంది వెనక వరసల్లో కూర్చున్నారు. అక్కడే కూర్చోండమ్మా, ముందుకు రమ్మని అడగను. సాక్ష్యాలు కూడా ఏమీ చెప్పించను.

రెండవ సమూయేలు 18వ అధ్యాయం తీయండి. తెలిసిన కథే. మహనయీము పట్టణం, రెండు గుమ్మాల మధ్య రాజైన దావీదు కూర్చుని ఉన్నాడు. ఎఫ్రాయిము అడవిలో యుద్ధం జరుగుతోంది. ఆ రోజు 20,000 మంది చనిపోయారని వాక్యం చెబుతోంది. దావీదు సింహాసనం ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ అడవిలో తేలాలి. కావలివాడు గుమ్మం మీది కప్పెక్కి చూస్తున్నాడు. ఎవడో ఒంటరిగా పరుగెత్తుకుంటూ వస్తున్నాడన్నాడు. వాడి వెనకే ఇంకొకడు. మొదట వచ్చినవాడు అహిమయస్సు. గెలిచామని చెప్పి సాష్టాంగపడ్డాడు. రాజు యుద్ధం సంగతి అడగలేదు. "అబ్షాలోము క్షేమంగా ఉన్నాడా?" అన్నాడు. అహిమయస్సు మాట దాటేశాడు. రెండోవాడు కూషీయుడు వచ్చాడు. అతణ్ణీ అదే అడిగాడు.

ఎవరీ అబ్షాలోము? తండ్రి మీద కత్తి ఎత్తినవాడు. తండ్రిని చెప్పుల్లేకుండా, తల మీద ముసుగు వేసుకుని, ఏడుస్తూ ఒలీవల కొండ ఎక్కి పారిపోయేలా చేసినవాడు. తండ్రి పరువును మిద్దె మీద, అందరూ చూస్తుండగా తీసినవాడు. అలాంటివాడు క్షేమంగా ఉన్నాడా అని అడుగుతున్నాడు ఈ ముసలి తండ్రి. సైన్యం బయలుదేరేటప్పుడు కూడా ముగ్గురు సేనాధిపతులతో, నా కోసం ఆ కుర్రాడి మీద కాస్త దయ చూపండి అని చెప్పి పంపాడు. వాడు తిరగబడ్డవాడే, అయినా ఆ నోటికి కుర్రాడే.

అబ్షాలోము చనిపోయాడని తెలిశాక గుమ్మం మీది గదికి ఎక్కుతూ ఏడ్చాడు. "అయ్యో నా కుమారుడా, నీకు బదులుగా నేను చనిపోయినయెడల ఎంత బాగుండును." ఇక్కడా, తర్వాతి అధ్యాయం నాలుగో వచనంలోనూ కలిపి లెక్కపెడితే "నా కుమారుడా" అని 8 సార్లు ఉంది. ఎన్నో కీర్తనలు రాసిన మనిషికి ఆ రోజు ఈ రెండు మాటలే దొరికాయి.

ఈ ఏడుపు గురించి మాట్లాడాలనే ఇవాళ వచ్చాను. ఎందుకంటే మన సంఘాల్లో ఈ ఏడుపుకు చోటు లేదు. భర్త చనిపోతే ఏడవవచ్చు. జబ్బు వస్తే ప్రార్థన మనవి చెప్పుకోవచ్చు. కొడుకు మందుకు అలవాటు పడ్డాడు, కూతురు మాతో తెగదెంపులు చేసుకుంది, పిల్లవాడు గంజాయి కేసులో దొరికాడు అంటే మాత్రం నోరు పెగలదు. "ఒక చెప్పుకోలేని విషయం కోసం ప్రార్థించండి" అంటాం. స్త్రీల సమాజంలో ఎన్నిసార్లు విన్నానో ఈ మాట. ఎందుకు చెప్పుకోలేనిదైంది? చెప్పిన మరుక్షణం ఎదుటివాళ్ల కళ్లలో ఒక ప్రశ్న కనబడుతుంది. పెంపకం ఎలా ఉందో!

ఆ ప్రశ్నకు మనం బైబిల్లోంచే ఆయుధం తీశాం. సామెతలు 22:6. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు." దీన్ని రాయిలా పట్టుకుని, ఏడుస్తున్న తల్లి మీద విసురుతాం. తొలగిపోయాడు కాబట్టి నువ్వు నేర్పలేదు అని లెక్క తేలుస్తాం. సామెతల గ్రంథం జ్ఞానం చెబుతుంది. లోకం మామూలుగా ఎలా నడుస్తుందో చెబుతుంది. శ్రద్ధగలవాడు ధనవంతుడవుతాడని కూడా అదే గ్రంథంలో ఉంది. మరి తెల్లవారకముందే లేచి నాటుకు వెళ్లే మన అక్కలు ఎందరు ధనవంతులయ్యారు? వాళ్లు సోమరులని అందామా? అనం కదా. ఈ వచనాన్నీ అలాగే చదవాలి.

యాజకుడైన ఏలీ కొడుకుల గురించి అందరూ ప్రసంగిస్తారు. హొఫ్నీ, ఫీనెహాసు. వాళ్లు చేసేది తెలిసి కూడా ఏలీ అడ్డుకోలేదని దేవుడే చెప్పాడు, అది నిజమే. ఆ తీర్పును ఏలీకి చెప్పింది ఎవరు? చిన్నవాడైన సమూయేలు. రాత్రి ఆ మాట విని, తెల్లారేదాకా పడుకుని, చెప్పడానికి భయపడినవాడు. అంటే పిల్లల్ని అదుపులో పెట్టకపోతే ఏమవుతుందో సమూయేలుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మరి మొదటి సమూయేలు 8వ అధ్యాయంలో ఏం చదువుతాం? సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారు. తండ్రి దారిలో నడవలేదు. ఏలీ మీద మోపిన నేరం సమూయేలు మీద బైబిలు ఎక్కడా మోపలేదు. పెద్దలొచ్చి ముఖం మీదే "నీ కుమారులు నీ ప్రవర్తన వంటి ప్రవర్తన గలవారు కారు" అన్నారు. ఆ ముసలాయనకు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి అనుకోండి. అయినా ఆయన ప్రవక్తగానే ఉన్నాడు. అందుకని ఒక ఇంట్లో పిల్లవాడు చెడిపోయాడని వింటే, ఆ తండ్రి ఏలీయో సమూయేలో మీకు తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవడం మంచిది.

నా సంగతీ చెప్పాలి. చెప్పకుండా ఇక్కడ నిలబడడం న్యాయం కాదు.

మా పెద్దబ్బాయి ఇంజినీరింగు చదివాడు. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రతి ఏడూ వాడికే బహుమతి. చదువు అయ్యాక ఫోనులో క్రికెట్ బెట్టింగు మొదలుపెట్టాడు. మాకు తెలిసేసరికి నాలుగు లోన్ యాప్‌లలో అప్పు ఉంది. ఆ యాప్‌లవాళ్లు వాడి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు పెట్టారు. ఆ నంబర్లలో సగం మా సంఘస్థులవే. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్ల జేబుల్లో నా కొడుకు ఫోటో, దాని కింద దొంగ అన్న మాట. నేను బల్ల దగ్గర నిలబడి రొట్టె విరుస్తున్నాను. ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

మొదటి తిమోతి 3వ అధ్యాయం నాకు బాగా తెలుసు. తన ఇంటివారిని ఏలలేనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడు? ఒక పెద్దాయన ఆ వచనాన్ని నాకు గుర్తుచేశాడు కూడా. నేను రాజీనామా పత్రం రాసి పెద్దలకిచ్చాను. దాన్ని తీసుకోవాలా వద్దా అని వాళ్లు రెండు నెలలు ఆలోచించారు. ఆ రెండు నెలలు మా ఆవిడ గుడికి రాలేదు. "నేను వస్తే పాట ఆగిపోతుందండీ" అనేది.

ఒకరోజు మా సంఘంలో ఒక విధవరాలు మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు తాగి తాగి చనిపోయాడు. వచ్చి ఏ వాక్యమూ చెప్పలేదు. వంటింట్లో మా ఆవిడ పక్కన కూర్చుని, చాటలో ఉన్న చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అవి అయ్యేదాకా కూర్చుంది. వెళ్లేటప్పుడు "రేపు కూడా వస్తానమ్మగారూ" అంది. వచ్చింది. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని మాట్లాడకుండా ఉన్నారని రాసి ఉంది. వాళ్లు చేసిన మంచి పని ఆ ఏడు రోజులే. ఆ అక్కను చూశాకే ఆ వచనం నాకు అర్థమైంది.

సరే, దావీదు దగ్గరికి మళ్లీ వెళ్దాం. దావీదు తప్పేమీ లేదని నేను అనడం లేదు. ఉంది. అబ్షాలోము చెల్లెలు తామారుకు పెద్దకొడుకు అమ్నోను అన్యాయం చేశాడని తెలిసి మండిపడ్డాడు, అమ్నోనును మాత్రం ఏమీ అనలేదు. రెండేళ్లు ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఆ మౌనంలోనే అబ్షాలోము కక్ష పెరిగింది. అమ్నోనును చంపించాడు, గెషూరులో తాతగారి దగ్గరికి పారిపోయి మూడేళ్లు అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత జరిగింది చాలామంది గమనించరు. 14వ అధ్యాయం. సేనాధిపతి యోవాబు చొరవతో దావీదు కొడుకును యెరూషలేముకు రప్పించాడు. కానీ ఏమన్నాడు? వాడు తన ఇంటికి పోవాలి, నా ముఖం చూడకూడదు. రెండేళ్లు! ఒకే ఊళ్లో తండ్రీ కొడుకులు ముఖాలు చూసుకోలేదు. మన ఇళ్లలో జరిగేది ఇదే కదండీ? పిల్లవాడు తిరిగి వస్తాడు, గుమ్మంలోకి రానిస్తాం. అన్నం పెట్టమని వాళ్లమ్మకు చెబుతాం. నాన్న మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటాడు. ఏమన్నా చెప్పాలంటే "వాడికి చెప్పు" అని తల్లి చేత చెప్పిస్తాడు. క్షమించామని మనం అనుకుంటాం. వాడికి మాత్రం ఇంట్లో కూడా గెషూరే.

అబ్షాలోము యోవాబును రెండుసార్లు పిలిపించాడు. యోవాబు రాలేదు. అప్పుడేం చేశాడు? యోవాబు యవల చేనుకు నిప్పు పెట్టించాడు. వెంటనే యోవాబు పరుగెత్తుకొచ్చాడు. నా బిడ్డలారా, ఈ వచనం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. పిలిస్తే రానివాళ్లు చేను తగలబెడితే వచ్చారు. మన పిల్లల్లో కొందరు అలా నిప్పు పెడుతున్నారేమో. అందరూ అని అనను. కొందరు చెడ్డతనం వల్లే చెడిపోతారు, అబ్షాలోములో గర్వమూ ఉంది, రాజ్యకాంక్షా ఉంది. కానీ అంతకుముందు వాడు రెండుసార్లు పిలిచాడు. మా వాడు కూడా ఒకటి రెండుసార్లు నా గదిలోకి వచ్చి నిలబడి, నేను ప్రసంగం రాసుకుంటుంటే వెనక్కి వెళ్లిపోవడం నాకు గుర్తుంది. ఏం చెప్పడానికి వచ్చాడో నేను అడగలేదు.

చివరికి రాజు అబ్షాలోమును పిలిపించి ముద్దుపెట్టుకున్నాడు. అక్కడ దావీదు ఒక్క మాట అన్నట్టు రాసి లేదు. ముద్దు ఉంది, మాట లేదు. ఆ తర్వాతి వచనంలోనే అబ్షాలోము రథాలు, గుర్రాలు సమకూర్చుకుంటున్నాడు.

ఇప్పుడు లూకా 15 చూడండి, తప్పిపోయిన కుమారుడి కథ. "వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి" పరుగెత్తాడు. ముద్దు ఇక్కడా ఉంది. కానీ ఇక్కడ తండ్రి మాట్లాడాడు. వస్త్రం తెండి, ఉంగరం పెట్టండి, చెప్పులు తొడగండి, ఈ నా కుమారుడు చనిపోయి మరల బ్రతికెను అన్నాడు. పనివాళ్లందరి ముందు "నా కుమారుడు" అన్నాడు. దావీదు అదే మాట అన్నాడు, కానీ శవానికి అన్నాడు.

ఇదే కథలో ఇంకో సంగతి చెప్పి తీరాలి. ఈ రోజుల్లో తల్లిదండ్రులకు ఇది చాలా అవసరం. దూరదేశంలో కరవు వచ్చింది, వాడు పందులు మేపాడు, పొట్టు తినాలనుకున్నాడు, ఎవడూ వాడికి ఏమీ ఇవ్వలేదు. తండ్రి కలిగినవాడే, ఇంట్లో కూలివాళ్లకు కూడా అన్నం సమృద్ధిగా ఉంది. అయినా ఆయన దూరదేశానికి డబ్బు మూట పంపలేదు. నేను పంపాను. మా నాన్న నాకిచ్చిన అర ఎకరం అమ్మి ఒక యాప్ అప్పు తీర్చాను. రెండు నెలల్లో మళ్లీ అప్పు చేశాడు. ప్రేమతోనే చేశాను, పరువు పోతుందన్న భయంతోనూ చేశాను. ఏది ఎంతో నాకే తెలియదు. వ్యసనం పాపమే, జబ్బు కూడా. జబ్బుకు ప్రార్థనతో పాటు వైద్యం కావాలి. మత్తు అలవాట్ల కోసం ప్రభుత్వం వారి ఉచిత నంబరు 14446 ఉంది, మనోవేదన ఏదైనా చెప్పుకోవడానికి 14416 ఉంది. నూనె రాసి ప్రార్థించే చేత్తోనే ఆ నంబరు కూడా నొక్కండి. విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి.

ఆడపిల్లల గురించి కూడా ఒక్క మాట. మనం దారి తప్పిందని ఏడ్చే ప్రతి కూతురూ దారి తప్పలేదు. వేరే కులం అబ్బాయిని, విశ్వాసినే పెళ్లి చేసుకుందని కన్నబిడ్డను గడప తొక్కనివ్వని ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. ఒకే పాత్రలోది తాగుతాం, ఒకే రొట్టె తింటాం, అల్లుడి దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాం. అక్కడ పశ్చాత్తాపపడాల్సింది ఆ పిల్ల కాదు. ఇంతకంటే పొడిగించను.

మోనిక గురించి మీలో కొందరు విని ఉంటారు. ఇప్పటి అల్జీరియాలో, అప్పట్లో తగస్తే అని ఒక ఊరు. అక్కడ 354లో ఆమెకు అగస్టీను పుట్టాడు, తర్వాత సంఘంలో గొప్ప బోధకుడైనవాడు. భర్త కోపిష్టి, చాలాకాలం అన్యుడు. కొడుకు తెలివైనవాడు. చదువుకు కార్తేజీ వెళ్లి పెళ్లి లేకుండా ఒక స్త్రీతో కాపురం పెట్టాడు, తల్లి విశ్వాసాన్ని వదిలి, మానీ అనే అతను పెట్టిన మతంలో చేరాడు. తొమ్మిదేళ్లు అందులోనే ఉన్నాడు. అతను తిరిగి సొంతూరికి వచ్చినప్పుడు మోనిక మొదట ఇంట్లోకి రానివ్వలేదు. అవునండీ, ఆ ప్రార్థనాపరురాలే తలుపు వేసింది. తర్వాత ఒక కలలో, నువ్వున్న చోటే వాడూ ఉంటాడని ఆదరణ పొంది, తలుపు తీసింది.

ఒక బిషపు దగ్గరికి వెళ్లి, మా వాడితో మాట్లాడండి, వాదించి మార్చండి అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. వాడు ఇప్పుడు వినడు, వదిలెయ్యి, ప్రార్థన మాత్రం మానకు అన్నాడు. ఆయన కూడా చిన్నప్పుడు ఆ మతంలోనే పెరిగి బయటికి వచ్చినవాడు. ఆమె వదల్లేదు, ఏడుస్తూ మళ్లీ మళ్లీ అడిగింది. ఆయన కాస్త విసుక్కుని, వెళ్లమ్మా, ఇంత కన్నీటి బిడ్డ నశించడం జరగదు అన్నాడు. ఇది మనకు తెలిసిందే ఆ కొడుకు రాసుకోవడం వల్ల.

383లో అగస్టీను రోముకు వెళ్లాలనుకున్నాడు. తల్లి రేవుదాకా వచ్చి పట్టుకుంది. నాతో ఇంటికి తిరిగి రా, లేదా నన్నూ తీసుకెళ్లు అంది. అతను అబద్ధం చెప్పాడు. స్నేహితుణ్ణి ఓడ ఎక్కించి వస్తానన్నాడు. ఆమె ఆ రాత్రి రేవు దగ్గర హతసాక్షి కుప్రియాను పేరున ఉన్న ప్రార్థనాలయంలో గడిపింది. కొడుకు వెళ్లకూడదని ఏడ్చి ప్రార్థించింది. తెల్లారి చూస్తే ఓడ లేదు.

ఆ ప్రార్థనకు జవాబు రాలేదు. తల్లులారా, ఇది వినండి. ఆమె జీవితంలో అంత గట్టిగా అడిగిన రాత్రి మరోటి ఉండి ఉండదు, దేవుడు ఇవ్వలేదు. కానీ ఆ ఓడ వెళ్లిన దేశంలోనే, మిలాను పట్టణంలో అగస్టీను అక్కడి బిషపు అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు. 386లో మారుమనస్సు పొంది, 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు. తల్లి ఆ రాత్రి అడిగింది ఇవ్వకపోవడం, ఆమె ఎప్పుడూ అడుగుతున్నది ఇవ్వడానికేనని అతనే తర్వాత రాశాడు. మోనిక కొడుకు వెనకే సముద్రం దాటి మిలానుకు చేరింది. ఆ బాప్తిస్మాన్ని కళ్లారా చూసి, అదే ఏడాది ఓస్తియా రేవులో జ్వరంతో చనిపోయింది. 56 ఏళ్లు.

ఆమెను దేవతను చేయకండి. కొడుకుకు పెద్దింటి సంబంధం కుదురుతోందని, అన్నేళ్లు అతనితో ఉన్న స్త్రీని పంపేశారు. ఆ సంబంధం కోసం తాపత్రయపడింది మోనికే. ఆ విషయంలో ఆమె తప్పు చేసిందనే నా అభిప్రాయం. తప్పులు చేసిన తల్లి ప్రార్థనే దేవుడు విన్నాడు. నాకు ధైర్యం ఇచ్చేది అదే.

మరి అందరికీ మోనికకు జరిగినట్టే జరుగుతుందా? నేను మాట ఇవ్వలేను. దావీదుకు జరగలేదు. చిక్కుడుకాయల చాట పట్టుకున్న ఆ అక్కకు జరగలేదు. మీ బిడ్డ తప్పకుండా వస్తాడని మైకులో అరిచి వెళ్లిపోవడం సులభం. రేపు ఉదయం మీ ఇంట్లో ఉండేది మీరు.

నేను చెప్పగలిగింది ఒకటి ఉంది. యెషయా గ్రంథం ఎలా మొదలవుతుంది? దేవుడు ఆకాశాన్నీ భూమినీ సాక్ష్యానికి పిలిచి తన ఇంటి గోడు వెళ్లబోసుకున్నాడు. "నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని వారు నామీద తిరుగబడియున్నారు." పెంపకం ఎలా ఉందో అని ఆయన్ను అడుగుతామా? హోషేయ 11లో, ఎఫ్రాయిముకు, అంటే తన ఇశ్రాయేలు ప్రజలకు, నడవడం నేర్పింది నేనే, చెయ్యి పట్టుకున్నది నేనే అని తలుచుకుంటాడు. "ఎఫ్రాయిమూ, నేనెట్లు నిన్ను విడిచిపెట్టుదును?" అంటాడు. ఇది సింహాసనం మీద నుంచి వచ్చే తీర్పులా లేదండీ. రాత్రి నిద్రపట్టక మంచం మీద లేచి కూర్చున్న తండ్రి గొంతులా ఉంది. దావీదు "నీకు బదులుగా" అన్నాడు, చేయలేకపోయాడు. కల్వరిలో యేసు ఆ పని చేశాడు. అందుకే నేను ఆయన దగ్గర సిగ్గుపడకుండా ఏడుస్తాను.

మా వాడు ఇప్పుడు వేరే ఊళ్లో పని చేసుకుంటున్నాడు. బెట్టింగు మానేశానంటాడు, నమ్ముతున్నాను. గుడికి వెళ్లడం లేదు. రెండు వారాలకోసారి ఫోను చేస్తాడు. ఇదివరకు ఎత్తగానే "ప్రార్థన చేసుకుంటున్నావా?" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు "అన్నం తిన్నావా నాన్నా" అని అడుగుతున్నాను. పోయిన నెల వాడే, "నాన్నా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అన్నాడు. ఫోను పెట్టేశాక మేమిద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు ప్రార్థన చేద్దాం. పెద్ద మాటలు వద్దు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనవసరం లేదు, పక్కవాళ్లు అడగకండి. దావీదు పలికినట్టు పేరు మాత్రం పలకండి. చనిపోయిన బిడ్డల పేర్లు కూడా పలకండి, వాళ్లూ మన బిడ్డలే. గట్టిగా పలకలేనివాళ్లు పెదవులతో అనుకోండి, సమూయేలు తల్లి హన్నా అలాగే ప్రార్థించింది. కళ్లు మూసుకోండి. ముందు నేను మా అబ్బాయి పేరు చెబుతాను.